మంచుకింది నాచు

నాచు అంటే మనవాళ్లకు చులకన. మెట్లమీద నాచు పట్టిందంటే ఇల్లాలు సరిగా కడగడంలేదని అర్థం. బావిలో నాచు పట్టిందంటే నీళ్లు చెడ్డాయని అర్థం. కాళేశ్వరం రేవులో కాలుజారిన పెద్దమనిషి గోదావరినీ ఏమీ అనడు, తన తొందరపాటునూ ఏమీ అనడు, నాచును తిడతాడు. ఇక పురుగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. "పురుగును చూసినట్లు చూశాడు" అన్నామంటే అంతకు మించిన అవమానం మన భాషలో లేదు.

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి. ఈ రెండింటి తరఫునా వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్యోగధర్మం కాదు. అయినా కొంతకాలంగా ఉత్తర ధ్రువప్రాంతపు తీరసముద్రాలలో పెరిగే నాచులను గురించీ, వెన్నెముక లేని చిన్నచిన్న జీవులను గురించీ దొరికినదల్లా చదువుతున్నాను. "వేసవిలో నిప్పులు కురిసే మహదేవపూర్‌లో కూర్చుని, ఆ మంచుసముద్రపు పాచితో మీకేం పనండీ?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాలుగు మాటల్లో జవాబు చెప్పలేక ఇంత వ్యాసం రాయవలసి వచ్చింది.

ముందుగా ఆ చోటు ఎటువంటిదో చూద్దాం. నార్వే దేశానికి ఉత్తరాన స్వాల్‌బార్డ్ అనే దీవులున్నాయి. మా వూరినుంచి తిన్నగా లెక్కవేస్తే దాదాపు ఏడున్నరవేల కిలోమీటర్లు. అక్కడ ని ఆలెసుండ్ అనే చిన్న పల్లెలో, 2008 జూలై 1వ తేదీన, మన దేశం "హిమాద్రి" అనే పరిశోధన కేంద్రం తెరిచింది. పక్కనే కొండలమధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ. దాని పేరు కాంగ్స్‌ఫ్యోర్డ్. 2014లో మనవాళ్లు ఆ పాయ లోపల ఒక పరికరాల గొలుసు దించి, నీటి వేడిమీ, ఉప్పదనమూ కొలవసాగారు. అక్కడ అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్యకుగాని ఉదయించడు. అంటే మన దీపావళి ప్రాంతంలో పోయినవాడు శివరాత్రి ప్రాంతానికి వస్తాడన్నమాట!

అంత చీకటిలో ఆకుపచ్చటిది ఏదీ బతకదని ఎవరైనా అనుకుంటారు. అది నిజం కాదని స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు షెల్మన్ కనిపెట్టాడు. 1872-73 శీతకాలమంతా స్వాల్‌బార్డ్ ఉత్తర తీరంలో గడిపిన యాత్రికుల బృందంలో ఆయన ఒకడు. మంచును తవ్వి, సముద్రగర్భంనుంచి నాచులను పైకి లాగి, దీపం వెలుగులో పరీక్షించాడు. అవి చచ్చిపోలేదు సరిగదా, సంతానోత్పత్తికి సిద్ధమవుతున్నాయి! 1883లో ఆర్కిటిక్ సముద్రపు నాచులమీద ఆయన పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

లామినేరియా సాలిడంగులా అనే గోధుమరంగు నాచు ఒకటి ఆ సముద్రాల్లోనే వుంటుంది. అరటాకులా పొడవైన పట్టె దానిది. వేసవిలో వెలుతురున్న నాలుగు రోజుల్లోనూ ఆహారం తయారుచేసుకుని దాచుకుంటుంది. చీకటి నెలల్లో ఆ నిలువ ఖర్చుపెట్టి కొత్త ఆకు సాగదీస్తుంది. ఏడాదికి సరిపడా ఎండల్లోనే ఆవకాయ పెట్టి, వానాకాలంలో జాడీ తీసే మన గృహిణులకు ఈ పద్ధతి వేరే వివరించనక్కర్లేదు.

ఇది అడుగున రాళ్లను పట్టుకుని పెరిగే నాచు. మంచుగడ్డకే కిందినుంచి అంటుకుని పెరిగే నాచులు మరికొన్ని వున్నాయి. వసంతం రాగానే మంచుపలకలగుండా వడగట్టినట్లు దిగే మసక వెలుతురు చాలు వాటికి. మెలోసైరా అనే జాతి కొన్నిచోట్ల మీటర్ల పొడవున తెరలు కట్టినట్లు వేలాడుతుంది. పైనుంచి చూసినవాడికి తెల్లని ఎడారి. కింద పచ్చని పంటపొలం. 2012లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ నౌకలో వెళ్లిన శాస్త్రజ్ఞులు మధ్య ఆర్కిటిక్‌లో నాలుగువేల మీటర్ల లోతున కెమెరా దించి చూస్తే, మంచు కరిగి రాలిపడ్డ ఈ నాచు అడుగున ముద్దలు ముద్దలుగా కనిపించింది. సముద్రపు దోసకాయలనే జీవులు చుట్టూచేరి తింటున్నాయి. అక్కడ విందు జరిగిందంటే పైన పందిరి కూలిందని అర్థం.

ఆ పొలంమీద బతికే కుటుంబం చాలా పెద్దది. కాలనస్ అనే జీవి వుంది. రొయ్యకు దూరపు చుట్టం, బియ్యపుగింజకంటే పొడవుండదు. కాని ఒళ్లంతా కొవ్వు. ఇందులో ఒక జాతి తల్లులు మంచుకింది నాచు తిని గుడ్లు పెడతాయి. పిల్లలు కాస్త ఎదిగేసరికి మంచు విడిపోయి, నీళ్లలో మరో రకం నాచు పూస్తుంది. అది పిల్లల పాలు. బాలింతకు ఒక పంట, బిడ్డలకు ఒక పంట! ఈ రెండు పంటల మధ్య గడువు తప్పిందా, ఇల్లంతా పస్తే. కాలనస్‌ను చేప తింటుంది. చేపను సీల్ తింటుంది. సీల్‌ను తెల్ల ఎలుగుబంటి తింటుంది. మన పిల్లల బొమ్మల పుస్తకాల్లో ఎలుగుబంటి బొమ్మ ఒక్కటే వుంటుంది. దానికి అన్నంపెట్టే నాచు బొమ్మ ఎవరూ వేయరు.

వీటిలో అల్పాయుష్కులున్నట్లే చిరంజీవులూ వున్నారు. 2006లో ఐస్లాండ్ ఉత్తర తీరసముద్రంలో ఒక ఆల్చిప్ప దొరికింది. చెట్టు మొద్దులోలాగే ఆ చిప్పమీద ఏటికొక గీత పడుతుంది. గీతలు లెక్కపెడితే వయస్సు 507 ఏళ్లని తేలింది. అంటే 1499లో పుట్టిందన్నమాట. అప్పటికి శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కడానికి ఇంకా పదేళ్లు వున్నది. రాయలు వచ్చాడు, పోయాడు. గోలకొండ నవాబులు, నిజాములు, ఆంగ్లేయులు అందరూ వచ్చారు, పోయారు. ఆ ఆల్చిప్ప చల్లని బురదలో కూర్చుని తన గీతలు తాను గీసుకుంటూనే వున్నది. దాని వయస్సు మనకు తెలిసేసరికి మాత్రం దాని ఆయువు తీరిపోయింది.

ఇంతకూ మా వూరికీ దీనికీ ఏమిటి సంబంధం? అక్కడికే వస్తున్నాను.

మా గడ్డమీద కూడా ఒకప్పుడు మంచు వుండేది! సుమారు 30 కోట్ల ఏళ్లకిందట మన దేశం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఒక మహాఖండంలో భాగంగా వుండేది. ఆ ఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మన గోండుల పేరే: గోండ్వానా. కాళేశ్వరంలో గోదావరిని కలిసే ప్రాణహిత నీళ్లలో పెన్‌గంగ నీళ్లు కూడా వున్నాయి. ఆ పెన్‌గంగ ఒడ్డున, చంద్రపూర్ దగ్గర ఇరై అనేచోట, కదిలే మంచు గీకిన గీతలున్న బండలను ఫెడెన్ అనే ఆయన గుర్తించి, 1875లో ప్రకటించాడు. ఛత్తీస్‌గఢ్‌లో మనేంద్రగఢ్ దగ్గర హస్‌దేవ్ నది ఒడ్డున ఆనాటి ఆల్చిప్పలు రాళ్లలో అచ్చుపడి వున్నాయి. చల్లని సముద్రాల్లో బతికే జాతి అది. అంటే ఇవాళ స్వాల్‌బార్డ్‌లో వున్న కాపురమే ఒకప్పుడు మనకు పొరుగున వున్నదన్నమాట.

ఆ మంచు వెనక్కు తగ్గాక, చిత్తడినేలల్లో అడవులు పెరిగాయి. ఆ అడవులు కూలి, పూడిపోయి, కోట్ల ఏళ్లు నలిగి బొగ్గయ్యాయి. 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ కింగ్ కనుగొన్న బొగ్గు అదే. ఇవాళ మా జిల్లా భూపాలపల్లి గనుల్లో సింగరేణివారు తవ్వుతున్న బొగ్గూ అదే. దగ్గరలోని చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు బొగ్గును మండించి కరెంటు తీస్తున్నాయి. ఒకనాటి మంచు తప్పుకుని ఇచ్చిన బొగ్గును మనం కాలుస్తుంటే, ఆ వేడికి ఇంకొక కొసన మంచు కరుగుతున్నది. మా జిల్లా ఒక్కటే కాదు, లోకమంతా కాలుస్తున్నది. మాకంటే ఎంతో ముందునుంచీ, ఎంతో ఎక్కువగా కాల్చిన దేశాలున్నాయి. 1980 ప్రాంతంలో సెప్టెంబరు నెలలో ఆర్కిటిక్ సముద్రంమీద మిగిలే మంచు సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడిపోయింది.

ఇక రెండో దెబ్బ. మా చిన్ననాటి పంతుళ్లు కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు గాలి అనేవారు. పేరులోనే పులుపు వున్నది చూడండి! ఈ గాలిని సముద్రం పీల్చుకుంటుంది. చల్లని సోడాలో గ్యాసు నిలిచినట్లు వేడెక్కిన సోడాలో నిలవదు గదా. అలాగే చల్లని సముద్రం మరింత పీలుస్తుంది. పీల్చినకొద్దీ నీళ్లు పులుపువైపు జరుగుతాయి. కోడిగుడ్డు పెంకును నిమ్మరసంలో వేసి చూడండి, ఏమవుతుందో తెలుస్తుంది. లైమసైనా అనే చిన్ననత్త వుంది. రెండు రెక్కలతో నీళ్లలో ఎగురుతున్నట్లు ఈదుతుంది గనుక దాన్ని సముద్రపు సీతాకోకచిలుక అంటారు. దాని గుల్ల గాజుపొరంత పల్చన. ముందుగా దెబ్బతినేది అటువంటి గుల్లలే.

అన్నీ నష్టపోతున్నాయని చెప్పడం కూడా సత్యం కాదు. వెయ్యేళ్లుగా స్వాల్‌బార్డ్‌లో కనిపించని నీలి ఆల్చిప్పలు 2004లో మళ్లీ అక్కడ దొరికాయి. కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో తీరంవెంట మంచు తగ్గడంతో లోతు తక్కువ నీళ్లలో పెద్దనాచులు మునుపటికంటే దట్టంగా పెరుగుతున్నాయి. దక్షిణంనుంచి కొత్తవాళ్లు వస్తున్నారు. కాని వాళ్లు వచ్చి చేరేది ఖాళీ ఇంట్లో కాదు. మంచునే నమ్ముకున్న పాతకాపులకు ఇంకా ఉత్తరానికి జరుగుదామంటే భూమి అక్కడితో అయిపోయింది.

ఈ సంగతులన్నీ ఒకనాడు పాఠం ముగిశాక తరగతిలో చెప్పాను. వెనక బెంచీనుంచి ఒక కుర్రవాడు లేచాడు. "సార్, మా బాపు బొగ్గుబాయిల పనిజేస్తడు. గా మంచు కరుగుడు మా బాపు పాపమా?" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. వాడు నవ్వలేదు.

"మీ బాపు తవ్వింది తన కోసం కాదురా. మా ఇంట్లో ఫ్యాను తిరిగేది, ఈ గదిలో దీపం వెలిగేది ఆయన చెమటతోనే. పాపమంటూ వుంటే ఫ్యానుకింద కూర్చున్న అందరం పంచుకోవాలె" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "మరి బాయిలు బందుపెడితే మేమెట్ల బతుకుడు సార్?"

ఆ ప్రశ్న ముందు నా చదువంతా చిన్నబోయింది. సీతాకోకచిలుక గుల్లనూ, వాళ్లింటి బియ్యపుడబ్బానూ ఒకే తక్కెడలో పెట్టమంటున్నాడు వాడు. పెట్టవలసిందే. ఒక పళ్లెం దించేసి తూచితే అది తూకం కాదు. సింగరేణివారే ఇవాళ ఎండనుంచి కరెంటు తీసే కేంద్రాలు కూడా నడుపుతున్నారు. ఎండకు మాకు కొదవా! కాని బొగ్గుబాయిలో వందమంది చేసే పని ఎండపలకల దగ్గర పదిమందితో సరిపోతే, మిగతా తొంభైమంది సంగతి ముందుగా ఆలోచించాలి. గని మూసే తేదీకంటే ముందే ఆ కుటుంబాల కొత్త బతుకుతెరువు నిర్ణయం కావాలి. బాలింత కాలనస్‌కు పంట ఎట్లాగో మా కుర్రవాడి ఇంటికి జీతం అట్లాగే. ఇద్దరికీ గడువు తప్పకూడదు. వాడితో ఈ మాటే అన్నాను. తృప్తిపడ్డాడో లేదో తెలియదు. "సార్, గా నాచు పేరు బోర్డుమీద రాయుండ్రి" అన్నాడు. రాశాను. వాడు నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

మహదేవపూర్ వాళ్లకు వెన్నెముక లేని ప్రాణి విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. చుట్టూ అడవిలో మద్దిచెట్లమీద దసలి పురుగు అల్లిన కాయలనుంచి తీసిన పట్టే మా వూరికి పేరు తెచ్చింది. పెళ్లికి ఆ చీర కట్టుకున్న పిల్ల "ఇది పురుగు కదా" అని ముఖం చిట్లించదు. తెలిసినదాన్ని మనం తక్కువగా చూడలేం. తెలియనివాటినే అన్నిటినీ కలిపి పురుగు అనీ, పాచి అనీ పక్కకు నెడతాం.

కాళేశ్వరంలో స్నానం చేసేవాళ్లు గోదావరికీ, ప్రాణహితకూ దండంపెట్టి, కంటికి కనిపించని సరస్వతికి కూడా మరచిపోకుండా పెడతారు. నీళ్లకింద మనకు కనిపించనిది ఒకటి వున్నదనీ, దానివల్లనే ఆ చోటుకు పూర్ణత్వమనీ తరతరాలుగా నమ్మినవాళ్లం మనం. ఏడున్నరవేల కిలోమీటర్ల అవతల, మంచుకింద చీకట్లో, నిలువ వుంచుకున్న నాలుగు మెతుకులతో కొత్త ఆకు తొడుగుతున్న నాచుకు కూడా ఆ దండంలో కాస్త చోటివ్వడం మనకు కష్టమేమీ కాదు. మనిషిలేని గదిలో ఫ్యాను ఆపితే, దండం పెట్టడమూ అయిపోతుంది.