మూడు లిస్టుల హిసాబ్

పదో తరగతి లెక్కల పుస్తకంలో సమితుల పాఠం ఉంటుంది. మన ఇళ్లలో పిల్లలకు అందులోని ఫార్ములాల కంటే ముందు మాటలే అడ్డం పడతాయి. ఉదాహరణకు 'ఛేదనం'. రెండు సమితుల్లోనూ ఉన్నవాటిని ఏరి పక్కన పెడితే అది ఛేదనం. "ఖాలా, ఛేదించడమంటే కోయడం కదా, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదానికి కోత అని పేరేంటి?" అని మా ఆపా కూతురు అడిగింది. సవాల్ సహీగానే ఉంది. అరబ్బీలో కూడా దాన్ని 'తఖాతు' అంటారు. రిష్తా తెంచుకోవడాన్ని మనం 'ఖతే తాల్లుక్' అంటామే, అందులోని 'ఖత్' ఇదే. అక్కడా కోతే. కాగజ్ మీద రెండు గోలాలు గీసి చూపించాను. గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటే మధ్యలో ఇద్దరికీ చెందిన జాగా ఏర్పడుతుంది. రెండూ విడివిడిగా ఉంటే అవి వియుక్త సమితులు, దేని ఇల్లు దానిదే. ఇక సమ్మేళనానికి అరబ్బీ మాట ఇత్తెహాద్. అది చెప్పగానే పిల్ల మొహం వెలిగింది. అది తెలిసిన మాటే మరి.

ఆ గోలాలకు పేరు పెట్టించుకున్న జాన్ వెన్ అనే ఇంగ్లండ్ ఆయన వాటిని 1880లో ప్రచురించాడు. సమితుల గణితానికి అసలు పునాది వేసింది జర్మనీలో పాఠాలు చెప్పిన గేఓర్గ్ కాంటర్. సమితుల మీద ఆయన మొదటి వ్యాసం 1874లో వచ్చింది. పరీక్షకు ఈ తారీఖులు అక్కర్లేదు. ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదని, మనలాంటి ఇన్సాన్లే కూర్చుని ఆలోచించిందని తెలిస్తే పిల్లలకు కొంచెం ధైర్యం వస్తుందని చెబుతుంటాను.

ఉపసమితి దగ్గర మా పిల్ల ఇంకా ఎక్కువ తికమక పడింది. శూన్య సమితి ప్రతి సమితికీ ఉపసమితే అని పుస్తకంలో ఉంది. ఏమీ లేనిది దేనిలో భాగం అవుతుంది? దీనికి మా నానీ పాన్‌దాన్ పనికొచ్చింది. అందులో వక్క, సున్నం, కత్థా, జర్దా అని నాలుగు డబ్బీలు. తమలపాకును ఫ్లవర్ బ్రాకెట్ అనుకోమన్నాను. పాన్‌దాన్‌లోంచి తీసి ఆకులో ఏం పెట్టినా అది ఒక ఉపసమితే. వక్క ఒక్కటే పెట్టు, వక్కా సున్నం పెట్టు, నాలుగూ పెట్టు. ఏమీ పెట్టకుండా ఖాలీ ఆకు మడిచినా పాన్ పాన్ కాకపోదు, దవడకి పని తప్పదు. ఆ ఖాలీ ఆకే శూన్య సమితి. ఎవరి పాన్‌దాన్ అయినా సరే, ఖాలీ ఆకు మడవొచ్చు. ఒక్కో డబ్బీకి రెండే దారులు, తీసుకోవడమో వదిలేయడమో. నాలుగింటికి రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది, ఎనిమిది రెళ్లు పదహారు. అంటే మా నానీ దగ్గర 16 రకాల పాన్లు. ఆమె జిందగీ అంతా ఒక్క రకమే నమిలింది, అది వేరే సంగతి.

ఇంకొకటి. సున్నం రెండుసార్లు పూసినా సమితిలో అది ఒక్కసారే. నోరు పొక్కుతుంది గానీ లెక్క మారదు. వరస కూడా మారదు. సమితికి పట్టేది ఉందా లేదా అన్నదే, ఎన్నిసార్లు ఉంది అని కాదు. ఈ చిన్న మాట గట్టిగా పట్టుకుంటే పాఠంలో సగం అయిపోయినట్టే.

ఆ మాట విలువ ఎంతో మొన్న రంజాన్‌కు ముందు మా మొహల్లాలో చూశాను. రేషన్ కిట్లు పంచడానికి చందాలు పోగయ్యాయి. బియ్యం, నూనె, కందిపప్పు, సేమియా, ఖజూర్. 100 కిట్లకు సరిపడా పైసలున్నాయి. మూడు లిస్టులు వచ్చాయి. బేవాలున్న ఇళ్లు 42, మంచాన పడ్డ బీమార్లున్న ఇళ్లు 30, కూలి మీదే బతుకుతూ కిరాయికి ఉన్న ఇళ్లు 28. కూడితే 100. కిట్లు 100, పేర్లు 100, హిసాబ్ బరాబర్ అని నౌజవాన్లు ఖుష్.

మా పిల్ల పెన్సిల్ తీసుకుని మూడు కాగజ్‌లూ పక్కపక్కన పెట్టుకుంది. లిస్టుల్లో ఒకే మనిషి ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉంటుంది. ఒకదాంట్లో అసలు పేరు, ఇంకోదాంట్లో 'ఫలానా భాయ్ వాళ్ల అమ్మీ'. అందుకని పేర్లు వదిలేసి డోర్ నంబర్లు పట్టుకుంది. మంచి పనే చేసింది. మూలకం అంటే ఇల్లు, ఇంటికి మనం పెట్టిన పేరు కాదు. బేవా, బీమార్ రెండూ ఉన్న ఇళ్లు 9. బీమార్, కిరాయి రెండింట్లో ఉన్నవి 6. బేవా, కిరాయి రెండింట్లో ఉన్నవి 8. మూడింట్లోనూ ఉన్నవి 3.

100 లోంచి 9, 6, 8 కలిపి 23 తీసేసి 77 అని రాసింది. పుస్తకంలో రెండు సమితుల సూత్రం అలాగే ఉంటుంది, కూడి, ఉమ్మడి తీసెయ్యి అని. మూడింట్లోనూ ఉన్న ఆ మూడు ఇళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయో చూడు బేటీ అన్నాను.

చూసింది. మూడు లిస్టుల్లో ఉన్నాయి గనక కూడికలో ఒక్కో ఇల్లు మూడుసార్లు వచ్చింది. 9లోనూ ఉంది, 6లోనూ ఉంది, 8లోనూ ఉంది గనక తీసివేతలో మూడుసార్లు పోయింది. మూడులోంచి మూడు పోతే సున్నా. మొగుడు లేక, మంచం మీద మనిషితో, కిరాయి ఇంట్లో ఉన్న ఆ ముగ్గురు ఔరతులూ హిసాబ్‌లోంచే గాయబ్. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్లు! అందుకే ఆ 3 మళ్లీ కలపాలి. 77కు 3 కలిపితే 80. ఆ కలపడం ఎందుకో బట్టీ పట్టినవాళ్లకు తెలియదు. మా పిల్లకు మాత్రం ఆ మూడు డోర్ నంబర్లూ గుర్తున్నాయి.

నమ్మకం కుదరక వెన్ చిత్రంలో ఏడు గదులూ విడివిడిగా నింపి చూసింది. బేవా మాత్రమే 28, బీమార్ మాత్రమే 18, కిరాయి మాత్రమే 17. రెండేసి మాత్రమే ఉన్నవి 6, 3, 5. మూడూ ఉన్నవి 3. కూడితే 80. అదే వచ్చింది.

"బేవా లేదా బీమార్ అంటే రెండూ ఉన్నవాళ్లు రారేమో కదా" అని ఒక అబ్బాయి అడిగాడు. ఇంట్లో "చాయ్ లేదా షర్బత్?" అంటే ఒకటే ఇస్తారు నిజమే. లెక్కల్లో 'లేదా' కాస్త పెద్ద మనసుది. రెండూ ఉన్నవాళ్లను కూడా లోపలికి రానిస్తుంది.

అంటే 20 కిట్లు మిగులు. ఒక ఇంటికి రెండు మూడు చొప్పున పోవాల్సినవి. వాటినేం చేయాలని మొదలైంది. మసీదులో ఇఫ్తార్‌కు వాడదామని ఒకరు, వచ్చే సాలుకు పైసలు దాచుదామని ఒకరు.

పిల్ల తన బొమ్మ వాళ్ల ముందు పెట్టింది. మూడు గోలాల చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసింది. అది విశ్వ సమితి, ఇక్కడ మా మొహల్లా మొత్తం. గోలాల బయట, గీతకు లోపల ఉన్న జాగా ఖాలీగా ఉంది. ఇక్కడ ఎవరున్నారు అని అడిగింది. జవాబు వెంటనే రాలేదు. తర్వాత ఒక చాచా నోరు తెరిచాడు. ఫలానా ఇంట్లో మనిషి సౌదీలో ఉన్నాడు, ఏడాదిగా పైసా రాలేదు. ఇల్లు సొంతం, ఆమె బేవా కాదు, ఎవరికీ బీమారీ లేదు. ఏ లిస్టులోకీ రాదు, చెయ్యి చాచదు. ఇంకొకరు ఇంకో ఇల్లు చెప్పారు. షాప్ మూసేసుకున్న దర్జీ. ఇద్దరు కూతుళ్లతో పుట్టింటికి వచ్చేసిన ఆమె, తలాఖ్ కాలేదు గనక ఆమెనూ ఏ కాగజ్‌లోనూ రాయలేదు.

పేర్లు వద్దు, డోర్ నంబర్లు చెప్పండి అంటూ పిల్ల మూలల్లో రాసుకుంటూ పోయింది. ఇషా అజాన్ వేళకి 13 అయ్యాయి. మిగిలిన 7 కిట్లు ఈద్ దాకా మా ఇంట్లోనే ఉంచమంది ఆపా, గుర్తొచ్చినవాళ్లకు ఇద్దామని.