చలిమంట నుంచి చాయ్ బల్ల దాకా

ధనుర్మాసం వచ్చేసింది కదండీ! ఇంటావిడ ముగ్గుపిండి డబ్బా తీస్తుంటే, ఇంటాయన మఫ్లరు చుట్టుకుని ‘ఇప్పుడే వస్తా’ అంటూ గడప దాటేస్తాడు. ఆ ‘ఇప్పుడే’ అంటే గంటన్నర అని అందరికీ తెలిసిందే. ఎక్కడికంటారా? పదండి, ఓ చుట్టు చుట్టొద్దాం.

ముందు వీధి చివర టీ కొట్టు. పక్కనే చలిమంట. పేపరు ఒక్కటే, చదివేవాళ్లు నలుగురు. సినిమా పేజీ ఒకాయన దగ్గర, మార్కెట్ ధరలు ఇంకొకాయన దగ్గర. మొత్తం పేపరు పూర్తిచేసేది మాత్రం, టీ వడగడుతూనే నలుగురూ పైకి చదివింది వినే కొట్టాయనే!

ఇక హైదరాబాద్ ఇరానీ హోటళ్లకు వస్తే, డికాక్షనూ పాలూ వేరువేరుగా మరిగి కప్పులో కలుస్తాయి. రోజంతా వేరువేరు ఆఫీసుల్లో మరిగిన మనుషులూ ఆ బల్ల దగ్గరే అలా కలుస్తారు. వన్ బై టూ చెప్పి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటే అలసట సగం దిగినట్టే.

అన్నట్టు, కోతలయ్యాక పల్లెల్లో గుడి మండపాలు సందడిగా ఉంటాయి. పులి-మేక ఆటండీ! బండ మీద గీసిన గీతలు, 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. ఆడేది ఇద్దరు, ఎత్తులు చెప్పేది పదిమంది!

ఇక తెలంగాణలో తెల్లారితే ఈతవనం. తాటాకు రేకలో పోసే కల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. అందుకే అక్కడికి ఎవరూ ఆలస్యంగా రారు.

పండగ ముందు సెలూన్ల రద్దీ సరేసరి. గడ్డానికి పది నిమిషాలు, కబుర్లకు గంట. ఇక చతుర్ముఖ పారాయణం, అదేనండీ పేకాట, చేసేవాళ్లకో మాట: 13 ముక్కలతో కాలక్షేపం మంచిదే, మధ్యలోకి డబ్బు దిగిందంటే స్నేహం లేచిపోతుంది.

అన్నట్టు, మగవాళ్లు కష్టాన్ని ఎదురుగా కూర్చుని చెప్పుకోవడం తక్కువ. చేతిలో ముక్కలు సర్దుకుంటూ, తలెత్తకుండా, ‘మావాడికింకా ఉద్యోగం రాలేదురా’ అంటారు. ‘వస్తుందిలే, ముందు ముక్క వెయ్యి’ అంటాడు అవతలివాడు. ఆ ఒక్క మాటకే మనసు తేలికపడుతుంది. రెండు రోజులు ఎవరైనా కనబడకపోతే, మూడో రోజు ఎవరో ఒకరు ఇంటికెళ్లి తలుపు తడతారు. ఈ చోట్ల అసలు గొప్పతనం అదే.

ఇలాంటి గంట ఇంటావిడకూ దక్కాలి సుమండీ. ముగ్గు దగ్గర నిలబడి చెప్పుకునే నాలుగు మాటలతో సరిపెట్టక, ఓ పూట పొయ్యి మీరు చూసుకుని ఆవిణ్ణి స్నేహితురాళ్ల దగ్గరకు పంపండి.

ఇక సంక్రాంతికి ఊరెళ్లి నాన్నగారిని పట్నం తెచ్చుకుందామనుకునేవాళ్లు, మంచమూ మందులూ సిద్ధం చేసుకోవడంతో సరిపెట్టకండి. దగ్గర్లో ఓ టీ కొట్టూ, ఆయన ఈడువాళ్లు నలుగురూ ఎక్కడున్నారో ముందే చూసిపెట్టండి.