ఆగుటయు నొక విద్యయే

నిన్న మునిమాపువేళ కనకదుర్గ ఫ్లైఓవరు దిగి భవానీపురం వైపు వచ్చుచుండగా, ఒక ముసలమ్మ చేతిసంచితో హఠాత్తుగా రోడ్డు దాటబోయినది.
ముందుబ్రేకు బిగించితిని. ఫోర్కు ఒక్కసారిగా క్రుంగినది, వెనుకచక్రము తేలి పక్కకు జారినది, బండి ఆమెకు జానెడు దూరమున ఆగినది.
“నెమ్మదిగా రా నాయనా” అని మాత్రము పలికి ఆమె వెడలిపోయినది.

రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ఉదయము ఆటోనగరులో నా 150 సీసీ బండి విప్పించితిని. ఫోర్కునుండి కారిన ఆయిలు నల్లని బురదవలె నుండెను. కొత్తగా నున్నపుడు కనీసము 230 డిగ్రీల వరకు మరగని డాట్ 4 బ్రేకు ఆయిలు, గాలిలోని తేమను పీల్చుకొను తన స్వభావముచేత, మన కృష్ణాతీరపు ఉక్కలో ఏండ్ల తరబడి మార్పు లేక చేవ చచ్చి యుండెను. ఆయిళ్లు రెండును మార్పించి, కాస్త గట్టి స్ప్రింగులు, ఉక్కుజాలపు తొడుగు గల బ్రేకు పైపు, కొత్త ప్యాడ్లు వేయించితిని.

“బాబూ, రోడ్డును పట్టుకునేది డిస్కు కాదు, టైరు. ఆ టైరును నేలకు అదిమి ఉంచేది సస్పెన్షను. రెండూ కలిపి బాగుచేయించుకోవాలి” అన్నాడు పెద్ద మెకానిక్కు.

వేగము రెండింతలైనచో, బ్రేకు పట్టిన పిదప బండి సాగు దూరము నాలుగింతలగును. ఎంత వేగముగా పోవునని అడిగి బండి కొనెడి మనము, ఎంత నిబ్బరముగా ఆగునని ఏల అడుగము?

మీ బండి బ్రేకు ఆయిలు కడపట ఎప్పుడు మార్పించితిరి? చెప్పుడు.