పాల పుస్తకంలో కంప్యూటర్ లెక్క

ఈ మధ్య ఇటువైపు రాలేదు. ఆవకాయ హడావిడిలో ఉందేమో అనుకుని ఉంటారు. ఆవకాయ రెండు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత ఇంట్లో కంప్యూటర్‌కి జబ్బు చేసింది. దాని పక్కన కూర్చుని జాగారం చేసిన కథ ఇది. బీఏ తెలుగు చదువుకున్న నేను గ్రాఫిక్స్ కార్డుల గురించి రాసే రోజొకటి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మావాడి డిగ్రీ అయిపోయి ఏడాది. వాళ్ళ నాన్నగారు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమంటారు. వీడేమో బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు చేస్తానంటాడు. ఇంకా కట్టని ఇంటిని కట్టేసినట్టు, మనం గుమ్మం దాటి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి నడుస్తున్నట్టు చూపిస్తారు చూడండి, అలాంటి వీడియోలు. ఇద్దరి మధ్యా ఏడాదిగా నలుగుతున్నది నేను.

మొత్తానికి ఒక బిల్డరు దగ్గర మొదటి పని దొరికింది. నిమిషంన్నర వీడియో. మా ఆయన ఆ రోజు భోజనాల దగ్గర ఒక్క మాట అన్నారు. "ఇది టైముకి ఇచ్చి డబ్బు చేతికి తెచ్చుకో, ఏడాది పాటు నేనేమీ అడగను. ఇవ్వలేకపోతే జూన్‌లో కోచింగ్." వాడు తలూపాడు. నేను పెరుగు వడ్డించాను.

ఈ పనికి ఎంత సమయం పడుతుందో వాడు నాకు లెక్క వేసి చూపించాడు. సెకనుకు 24 బొమ్మలు, 90 సెకన్లు, అంటే 2160 బొమ్మలు. వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎక్కడ ఉంటుంది అని లెక్క కట్టుకుంటూ కంప్యూటర్ ఒక్కో బొమ్మనీ గీయాలి. ఒక కార్డుతో బొమ్మకి నాలుగు నిమిషాలు. మొత్తం 144 గంటలు, ఆరు రోజులు. రెండు కార్డులుంటే అందులో సగం. మావాడి దగ్గర ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒకటి ముందే ఉంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో అలాంటిదే ఇంకోటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గడువు ఆరు రోజులుందనగా రాత్రి పదకొండింటికి రెండు కార్డులతో పని మొదలుపెట్టి పడుకున్నాడు.

పొద్దున లేచి చూస్తే కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు మొదటి తెర చూపిస్తూ కూర్చుంది. రాత్రి ఎప్పుడో దానంతట అదే ఆగి, మళ్ళీ మొదలైంది. వాడు చేసిన పొరపాటు ఏమిటంటే, బొమ్మల్ని నేరుగా వీడియో ఫైలుగా రాయించాడు. అది మధ్యలో తెగితే ఫైలు తెరుచుకోదట. రాత్రంతా చేసిన పని గంగలో కలిసింది. వాడు కళ్ళు తుడుచుకోవడం మా ఆయన కూడా చూశారు. ఏమీ అనకుండా ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆయన ఏమీ అనకపోతే నాకు ఎక్కువ భయం.

మీ పిల్లలెవరైనా ఈ పనిలో ఉంటే ముందు ఇది చెప్పండి. ఒక్కో బొమ్మనీ విడి ఫైలుగా దాచుకోవాలి, చివర్లో అన్నీ కలిపి వీడియో చేసుకోవాలి. మధ్యలో ఏమైనా పోయేది ఒక్క బొమ్మే. ఆ రోజు నుంచి మావాడు అలాగే చేస్తున్నాడు.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంటుంది, కంప్యూటర్ తన గురించి తాను రాసుకునే డైరీ అన్నమాట. అందులో "కెర్నల్ పవర్ 41" అని ఉంది. అర్థం ఏమిట్రా అంటే, "సరిగ్గా షట్ డౌన్ కాకుండా ఆగిపోయిందని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదమ్మా" అన్నాడు. అంటే చావు కబురే గానీ రోగం పేరు లేదన్నమాట. ఆగిన టైము రాయమన్నాడు. చేతికి దొరికిన పాల పుస్తకంలో రాశాను, 5:05 అని.

డ్రైవర్ల గొడవేమో అని, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి పాతవన్నీ సమూలంగా తీసేసి కొత్తవి వేశాడు. అప్పటిదాకా తెర అప్పుడప్పుడూ నల్లగా అయి, డ్రైవర్ ఆగి మళ్ళీ తేరుకుందని ఒక సందేశం వచ్చేది. అది పోయింది. హమ్మయ్య అనుకున్నాం. సాయంత్రం 6:40కి మళ్ళీ ఆగింది. రాత్రి మళ్ళీ నడిపితే తెల్లవారుజామున 5:10కి ఇంకోసారి. అయితే ఈసారి విడి ఫైళ్ళు కాబట్టి 180 బొమ్మలు దక్కాయి.

"ఆ రెండోది పాత సరుకు. దాన్ని అమ్మేయ్" అన్నారు మా ఆయన. మావాడికీ అదే అనుమానం. నాకూ అంతే. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళ మీదే కదా ముందు వేలు చూపిస్తాం. కొత్త కోడలు వచ్చిన వారంలో గిన్నె పగిలితే ఎవరు పగలగొట్టారని ఎవరూ అడగరు.

కానీ వాడు అమ్మే ముందు పరీక్ష పెట్టాడు. పాత కార్డు తీసి పక్కన పెట్టి, కొత్తగా వచ్చినదాన్ని ఒక్కదాన్నే ఒక పగలూ ఒక రాత్రీ నడిపాడు. కిక్కురుమనకుండా 360 బొమ్మలు గీసింది. మర్నాడు దాన్ని తీసి, పాతది అదే చోట పెట్టి నడిపాడు. అదీ 360 గీసింది. ఏదీ ఆగలేదు. విడివిడిగా రెండూ బంగారమే. కలిస్తేనే తంటా.

జంట అనగానే నాకు తెలిసినది తిరుపతి వేంకట కవులు. 1920లో తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా వేంకట శాస్త్రి గారు తన రచనలు జంట పేరుతోనే వెలువరించారు. ఆ కథ చెప్పి, "ఇవీ అలా ఒకటైపోవా?" అని అడిగాను. "అవ్వవమ్మా. ఒక్కో దాంట్లో 12 జీబీ మెమొరీ ఉంది. రెండూ కలిపితే 24 అవ్వదు. ఇల్లంతా దీని బుర్రలో ఒకసారి, దాని బుర్రలో ఒకసారి పట్టాలి. బొమ్మ గీయడం మాత్రం పంచుకుంటాయి" అన్నాడు. ఒకప్పుడు ఆటల కోసం రెండు కార్డుల్ని కలిపి ఒకటిగా నడిపే ఎస్‌ఎల్‌ఐ అనే పద్ధతి ఉండేదట. 2021 జనవరి నుంచి ఎన్విడియా వాళ్ళు దానికి కొత్త ఏర్పాట్లు చేయడం మానేశారట. ఇప్పుడు జంట కార్డులు ఎక్కువగా ఇలాంటి పనులకే.

నాలుగో రోజు రాత్రి వాడు వేడి చూశాడు. మొదటి రెండు రాత్రుల లెక్కలు దాచి ఉంచాడు. కలిసి నడిచినప్పుడు కింది కార్డు 66 డిగ్రీలు, పై కార్డు 84. పెట్టె మూత తీసి నాకు చూపించాడు. పై కార్డు గాలి పీల్చుకునే ఫ్యాన్లు కింది కార్డు వీపుకి దాదాపు ఆనుకుని ఉన్నాయి. కింది దాని వేడిగాలినే పైది పీలుస్తోంది. రెండో కార్డుని అన్నిటికంటే కింద ఉన్న స్లాట్‌లో పెడదామన్నాడు. అక్కడ సమాచారం వెళ్ళే దారి ఇరుకు. కానీ ఈ పనికి బొమ్మ సరంజామా కార్డులోకి ఒకసారి ఎక్కాక దారితో పెద్దగా పని లేదట. నడుమ నాలుగు వేళ్ళు పట్టేంత సందు వచ్చింది. పొద్దున్న రెండూ కలిపి నడుపుతానని పడుకున్నాడు.

అయిదో రోజు తెల్లవారింది. నేను ఎప్పటిలాగే లేచి, వెనక్కి వెళ్ళి బోరు మోటారు వేసి, పాల పుస్తకం తీశాను. మోటారు ఎన్నింటికి వేశానో మర్చిపోయి ట్యాంకు పొర్లించిన ఘనత నాకు చాలాసార్లు ఉంది. అందుకని వేసిన టైము కూడా అదే పుస్తకంలో రాస్తాను. అర లీటరు రెండు అని రాసి, మోటారు 5:05 అని రాస్తూ పై వరసలు చూశాను.

మోటారు 5:05. కింద నా అక్షరాలతోనే, కంప్యూటర్ 5:05. ఆ మర్నాడు మోటారు 5:10, కంప్యూటర్ 5:10. సాయంత్రం 6:40? ఆ రోజు ఆవకాయ జాడీలు, గిన్నెలు కడిగి ట్యాంకు ఖాళీ చేసి, రెండోసారి మోటారు వేశాను. అదీ ఉంది, 6:40.

కాఫీ చల్లారిపోయింది. వాణ్ణి లేపాను. "ఒరేయ్, దొంగ ఎవరో దొరికారు. నేనే."

వాడు నమ్మలేదు. రెండు కార్డులతో పని మొదలుపెట్టి, "ఇప్పుడు వెయ్యమ్మా" అని అరిచాడు. ఆపిన మోటారు మళ్ళీ వేశాను. ట్యూబ్‌లైటు ఒక్కసారి కునికింది. బల్ల కింద యూపీఎస్ టప్‌మంది. కంప్యూటర్ పోయి మళ్ళీ మొదలైంది. ఒక్క కార్డుతో నడిపి మళ్ళీ వేయించాడు. టప్‌మంది గానీ కంప్యూటర్ కదల్లేదు.

సంగతి ఇదీ. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా లాగే దానికి కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. మా మామగారి కాలం నాటి వైరింగు, వోల్టేజి పడిపోతుంది. అది చూసి యూపీఎస్ బ్యాటరీ మీదకి మారుతుంది. ఆ యూపీఎస్ మేం పాత కంప్యూటర్‌కి కొన్నది. ముందు 600 వీఏ అని పెద్దగా ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంటుంది. అది మోయగలిగేది 360 మాత్రమే. ఒక్కో కార్డు 170 వాట్లు, మిగతా అంతా కలిపి 140 దాకా. ఒక కార్డైతే 310, మోస్తుంది. రెండైతే 480, చేతులెత్తేస్తుంది.

యూపీఎస్ తీసేసి గోడ ప్లగ్గులో నేరుగా పెట్టి మోటారు వేస్తే ఏమీ కాలేదు. కంప్యూటర్ పవర్ సప్లై ఆ కాస్త వోల్టేజి తగ్గుదలని తట్టుకుంటుందట. కరెంటు పోతే పోయేది ఒక్క బొమ్మే కదా, ఆ రెండు రోజులూ యూపీఎస్ వద్దనుకున్నాం. అప్పటికి మిగిలినవి 1260 బొమ్మలు, రెండు రోజుల గడువు. రెండు కార్డులతో 42 గంటలు. తొమ్మిదింటికి మొదలుపెట్టాడు.

అర్ధరాత్రి మళ్ళీ ఆగింది.

ఈసారి మోటారు లేదు, లైటు కునకలేదు. వాడు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. మా ఆయన అలికిడికి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఎవరు వేశారు మోటారు?" అని అడిగారు. వెటకారమేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగారు. వాడు మెల్లగా చెప్పాడు. లోపలి పవర్ సప్లై 550 వాట్లది. సగటున చాలు. కానీ కార్డులు క్షణంలో వెయ్యో వంతు పాటు రాసి ఉన్నదానికంటే బాగా ఎక్కువ లాగుతాయి. కొత్త బొమ్మ మొదలైనప్పుడు రెండూ ఒకేసారి లాగితే, సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంటుంది. పైగా రెండు కార్డులకీ ఒకే తీగ, చివర రెండు తలలు. "సప్లై మార్చాలి. ఎనిమిది వేలు పైనే" అన్నాడు.

"తగ్గించి వాడుకోలేవూ? గీజరు వేసినప్పుడు ఐరన్ బాక్స్ వెయ్యం కదా" అన్నారాయన.

వాడు ఒక నిమిషం ఆయన్నే చూశాడు. ఆఫ్టర్‌బర్నర్ అని ఏదో తెరిచి, ఒక్కో కార్డు 80 శాతానికి మించి లాగకుండా కట్టడి పెట్టాడు. 170 బదులు 136. గంటకి 30 బొమ్మల బదులు 28 వచ్చాయి. అంతే, మళ్ళీ ఆగలేదు. ఏడో రోజు తెల్లవారుజామున చివరి బొమ్మ పూర్తయింది. పది గంటలకి వీడియో వెళ్ళింది.

డబ్బు పది రోజులకి వచ్చింది. మొత్తం ఖర్చు వాడి మొదటి సంపాదనలోంచే పెట్టాడు. 750 వాట్ల సప్లై, ఒక్కో కార్డుకి విడి తీగ. దానికి తగ్గ యూపీఎస్ కూడా, వాట్లు చూసి మరీ కొన్నాడు.

నాకు మిగిలింది ఒకటే ఆలోచన. వారమంతా ముగ్గురం ఆ రెండో కార్డునే అనుమానించాం. దాని తప్పేమీ లేదు. దానికి గాలి ఆడే చోటివ్వలేదు, సరిపడా కరెంటివ్వలేదు, పైగా నేను రోజూ మోటారు వేశాను. వాడి విషయంలో ఏడాదిగా మేం చేసింది కూడా అదేనేమో. ఆయన ఒక వైపు, నేను ఒక వైపు, ఇద్దరం వాడి మంచికే, ఒకేసారి. వాడు ఆగిపోతే వాడికే ఓపిక లేదన్నాం.

ఇప్పుడు కొత్త సామాను వచ్చింది కాబట్టి మోటారు ఎప్పుడు వేసినా ఏమీ కాదు. వాడు చెప్పాడు, నేనూ చెప్పాను. అయినా నిన్న పొద్దున నేను పాలు కాస్తుంటే, మా ఆయన వెనక స్విచ్ దగ్గర నిలబడి వాడి గది వైపు కేకేశారు.

"ఒరేయ్, మోటారు వెయ్యనా?"