పెట్టెలో ఏ వెర్షన్ ఉంది?

గన్నవరం విమానాశ్రయంలో దిగే ఇండిగో జెట్లు ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320 కుటుంబానివే. అందుకే 2025 నవంబరు చివర్లో వచ్చిన ఆ వార్త నన్నింకా వదల్లేదు.

అక్టోబరు 30న కాంకూన్ నుంచి అమెరికా వెళ్తున్న జెట్‌బ్లూ ఏ320 విమానం, పైలట్ ఏమీ చేయకుండానే, ఉన్నట్టుండి ముక్కు కిందికి దించేసింది. కొందరు ఆసుపత్రి పాలయ్యారు. రెక్కల్లో, తోకలో పలకల్ని కదిలించే ఈలాక్ కంప్యూటర్‌లో డేటాని తీవ్రమైన సౌర వికిరణం చెడగొట్టొచ్చని నవంబరు చివర్లో ఎయిర్‌బస్ చెప్పింది. ఎల్104 సాఫ్ట్‌వేర్ తీసేసి పాత ఎల్103+ పెట్టమన్నారు. ఇలా సరిచేయాల్సినవి ప్రపంచమంతా సుమారు 6,000 విమానాలు, మన దేశంలో 338. చాలావాటికి రెండు మూడు గంటల పని. కొన్ని పాతవాటికైతే ఆ కంప్యూటర్ పెట్టెనే మార్చాల్సి వచ్చింది.

నన్ను కదిలించింది ఆ తర్వాతి పని. సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే అయిపోదు. పార్ట్ నంబరు చదవాలి, ఆ విమానానికి అనుమతి ఉన్నది అదేనా అని సరిచూడాలి, రికార్డులో సంతకం పెట్టాలి. విమానానికి రెండు ఈలాక్‌లు. రెండూ చూడాల్సిందే. కొత్త వెర్షనే మంచిదన్న మన అలవాటు నమ్మకం అక్కడ పనికిరాదు.

కానూరు, వడ్డేశ్వరం కాలేజీల్లో సీఎస్‌ఈ చెప్పే మాస్టార్లూ, దీని మీద ఒక్క క్లాసు తీసుకోండి, దయచేసి.