కాఫీవిల్ గల్లీ: కాన్సాస్ నుంచి ఒక ఉత్తరం

బావా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయిన. "పోరడు గ్యాస్ స్టేషన్ దుకాణంలో రాత్రి డ్యూటీ చేస్తుండట, దొంగలు పడితే ఎట్ల? గా దేశంలో అందరూ తుపాకులు పెట్టుకుంటరట గద, మనోన్ని కూడా ఒకటి కొనుక్కొమ్మనరాదు?" అన్నవు. సిరిసిల్లలో కూసొని ఆ మాట అనుడు అల్కగనే ఉంటది. ఇక్కడికొచ్చి చూస్తే కథ వేరు. ఉత్తరం పొడుగైతది, సాంచెలు బందు పెట్టినంక తీరిగ్గా చదువు.

ముందు వింతలు చెప్త. మేమున్నది కాన్సాస్ రాష్ట్రం. 2015 జులై నుంచి ఇక్కడ 21 ఏండ్లు నిండినోడు, నేరం కేసుల్లో శిక్ష పడనోడు, తుపాకిని అంగీ కింద పెట్టుకొని తిరగాలంటే లైసెన్సు అక్కర లేదు. కూరగాయల దుకాణంలో నీ ముందర లైన్లో నిలబడ్డ ముసలాయన నడుముకు ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నువ్వు అడగవు, ఆయన చెప్పడు. తుపాకులు వద్దనుకున్న దుకాణాలోళ్లు తలుపు మీద పిస్తోలు బొమ్మ వేసి, దాని మీద ఎర్ర గీత కొట్టిన కాగితం అంటిస్తరు. మన గుడి ముందట 'చెప్పులు ఇక్కడ విడువవలెను' అని బోర్డు ఉంటది చూడు, గట్ల. 2017లో వేసిన ఒక అంచనా ప్రకారం ఈ దేశంలో మామూలు జనం దగ్గర 39 కోట్ల పైచిలుకు తుపాకులున్నయి. మనుషుల కంటె తుపాకులే ఎక్కువ. అదే లెక్కలో మన దేశానికి 7 కోట్లు వేసిన్రు, అందులో చాలామటుకు లైసెన్సు లేనివే.

ఇంకో వింత. అట్లాంటా నగరం పక్కన కెన్నెసా అనే ఊరున్నది. అట్లాంటా చుట్టుముట్టు మనోళ్లు ఎంతమంది ఉన్నరో నీకు తెలుసు. ఆ కెన్నెసాలో 1982లో మున్సిపాలిటీ ఒక చట్టం చేసింది: ప్రతి ఇంటి పెద్ద ఇంట్లో తుపాకి, గుండ్లు ఉంచుకోవాలె! అంతకుముందు ఏడాది ఇల్లినాయ్ రాష్ట్రంలో మోర్టన్ గ్రోవ్ అనే ఊరు చేతి తుపాకులను నిషేధిస్తే, దానికి పోటీగా వీళ్లు ఈ పని చేసిన్రు. మనసొప్పనోళ్లకు, కొనుక్కోలేనోళ్లకు, శరీరం సహకరించనోళ్లకు మినహాయింపు ఉన్నది. ఇల్లిల్లూ తిరిగి తనిఖీ చేసేటోడు లేడు. అంటే చట్టం సగం పౌరుషానికి, సగం పేపర్లకు. మనకు నల్లా బిల్లు కట్టమని ఇంటికి నోటీసు వస్తే, వాళ్లకు తుపాకి పెట్టుకొమ్మని చట్టం వచ్చింది.

ఇగ అసలు ముచ్చట. మావోడు నన్ను కాఫీవిల్ అనే ఊరికి తీసుకపోయిండు. ఓక్లహోమా సరిహద్దుకు ఆనుకొని ఉంటది, మన వేములవాడ కంటె శానా చిన్నది. 1892 అక్టోబర్ 5 నాటి ఒక్క పొద్దును చెప్పుకొనే ఆ ఊరు పేరు తెచ్చుకున్నది. దాని మీద మ్యూజియం కట్టుకున్నది, ఏటా అక్టోబర్‌లో పండుగ చేసుకుంటది.

ఆ పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో ఐదుగురు గుర్రాల మీద వచ్చిన్రు. గ్రాట్, బాబ్, ఎమ్మెట్ అనే డాల్టన్ అన్నదమ్ములు ముగ్గురు, తోడుగా బిల్ పవర్, డిక్ బ్రాడ్‌వెల్. ఒక్క ఊర్లో ఒకేసారి రెండు బ్యాంకులు దోచాలని వాళ్ల పంతం. తమాషా ఏందంటే వీళ్లు మొదలు చట్టం దిక్కు మనుషులే. అన్న ఫ్రాంక్ మార్షల్ కొలువులో ఉండి 1887లో నేరస్థుల చేతిలో చచ్చిపోయిండు. తమ్ముళ్లు కూడా కొన్నాళ్లు ఆ బిళ్ల పెట్టుకొని తిరిగినోళ్లే. వాళ్ల కుటుంబం ఇదివరకు కాఫీవిల్ దగ్గరనే కాపురమున్నది. గుర్తుపడ్తరన్న భయానికి దొంగ గడ్డాలు, మీసాలు అంటించుకున్నరు. అంటించుకొని ఏం లాభం? వీధిలో నిలబడ్డ అలెక్ మెకెన్నా అనే దుకాణదారు ఒకన్ని చూడంగనే పోల్చుకున్నడు. గుర్రాలు కట్టేసే కట్టెను రోడ్డు పని కోసం అప్పుడే పీకేసిన్రు. దాంతోని గుర్రాలను దూరంగ ఒక గల్లీలో కట్టేసి నడుచుకుంట రావాల్సి వచ్చింది. బ్యాంకులో దూరే ముందే వాళ్ల లెక్క తప్పింది.

ఇద్దరు ఫస్ట్ నేషనల్ బ్యాంకులో చొచ్చిన్రు, ముగ్గురు కాండన్ బ్యాంకులో చొచ్చిన్రు. కాండన్ బ్యాంకులో చార్లెస్ బాల్ అనే క్యాషియర్ ఉన్నడు. తుపాకి ఎదురుగ పెడితే మనిషికి నోరు ఎండిపోవాలె. ఆయన మాత్రం, "ఖజానాకు గడియారం తాళం ఉన్నది, 9:45 అయితే గాని తెరుచుకోదు" అన్నడు. పచ్చి అబద్ధం. తాళం ఎప్పుడో తెరుచుకొని ఉన్నది, ఊరికే పిడి తిప్పి చూసినా దొంగకు దొరికేది. గ్రాట్ డాల్టన్ నమ్మి, "ఐతే ఆగుతం" అన్నడు. ఆగిన ఆ కొన్ని నిమిషాలే వాళ్ల ప్రాణం తీసినయి.

ఎందుకంటే బయట ఊరు మేల్కొన్నది. బావా, ఇక్కడ జర నిమ్మలంగ చదువు. ఆ కాలం రాతల్లో ఉన్నది చెప్తున్న: ఆ పొద్దు కాఫీవిల్ వీధిలో నడుముకు తుపాకి ఉన్నోడు దాదాపు లేడు. ఊరి మార్షల్ చార్లెస్ కనెల్లీ చేతిలో కూడా లేదు. జనం ఇనుప సామాన్ల దుకాణాలకు ఉరికిన్రు. ఐషామ్ వాళ్ల దుకాణం ఫస్ట్ నేషనల్ బ్యాంకు పక్కనే ఉండె. మేకులు, గునపాలు అమ్మే ఆ దుకాణంలో అమ్మకానికి పెట్టిన రైఫిళ్లను, తోటాలను ఎవరడిగితే వాళ్లకు పంచిపెట్టిన్రు. పైస మాట ఎవరూ ఎత్తలేదు. ఇనుప సామాన్లు కొనేటోళ్లు, గుర్రాలశాల నడిపే జాన్ క్లోర్, చెప్పులు కుట్టే జార్జ్ క్యూబైన్, అదే పని చేసే చార్లెస్ బ్రౌన్, అందరూ అట్లనే సిపాయిలైన్రు. పావుగంట లోపల కథ ఒడిసింది. దొంగలు నలుగురు పడిపోయిన్రు. ఊరోళ్లు నలుగురు పోయిన్రు: మార్షల్ కనెల్లీ, లూసియస్ బాల్డ్‌విన్ అనే గుమాస్తా పోరడు, క్యూబైన్, బ్రౌన్. క్యూబైన్ పడిపోతే, వయసు మీద పడ్డ బ్రౌన్ అతని తుపాకి అందుకోవడానికి వంగిండు, మళ్ల లేవలేదు. చెప్పులు కుట్టే చేతులు రెండు జతలు ఒకే చోట పడిపోయినయి.

ఎమ్మెట్ ఒక్కడు బతికిండు. ఒంటినిండ 23 గాయాలు. పారిపోయే దారి ఉన్నా అన్నను ఎక్కించుకోవడానికి గుర్రాన్ని వెనక్కి తిప్పి దొరికిండు. 14 ఏండ్లు జైల్లో ఉండి 1907లో క్షమాభిక్షతో బయటికొచ్చిండు. ఆఖరుకు లాస్ ఏంజెలెస్‌లో ఇండ్ల వ్యాపారం చేసుకుంట, సినిమావాళ్లకు కథలు చెప్పుకుంట 1937 దాకా బతికిండు.

ఇంకో చుట్టరికం కూడా చెప్త, నీకు నచ్చుతది. దీనికి 16 ఏండ్ల ముందు, 1876 సెప్టెంబర్ 7న, మిన్నెసోటా రాష్ట్రం నార్త్‌ఫీల్డ్‌లో జెస్సీ జేమ్స్ ముఠా బ్యాంకు మీద పడ్డది. అందులో యంగర్ అన్నదమ్ములున్నరు. డాల్టన్ల తల్లి ఆ యంగర్లకు మేనత్త. మన లెక్కన వాళ్లు వాళ్లకు బావాబామ్మర్దులు! నార్త్‌ఫీల్డ్‌లో కూడా ఇట్లనే అయింది. బ్యాంకులో జోసెఫ్ హేవుడ్ అనే ఉద్యోగి ఖజానా తెరవను పొమ్మన్నడు, ఆయన కూడా గడియారం తాళం మాటే చెప్పిండు. ప్రాణం పోయింది గాని ఖజానా పోలేదు. బయట జనం దుకాణాల్లో తుపాకులు అందుకొని ఇద్దరిని అక్కడికక్కడే పడగొట్టిన్రు. స్వీడన్ నుంచి కొత్తగ వచ్చిన నికోలస్ గుస్తాఫ్‌సన్ అనే మనిషి మాత్రం ఆ వీధిలో తగిలిన గుండుకు అన్యాయంగ పోయిండు. "పక్కకు పో" అని దొంగలు ఇంగ్లీషులో అరిస్తే అర్థం కాలేదట. నా వయసోళ్లం ఇక్కడ ఎయిర్‌పోర్టులో నిలబడితే ఆయన గుర్తుకొస్తడు.

మ్యూజియంలో ఒక ఫోటో చూసి ముందటికి నడవలేకపోయిన. చచ్చిపోయిన నలుగురు డాల్టన్ ముఠా వాళ్లను వరుసగ పెట్టి, ఒంటి మీద రైఫిల్ అడ్డంగ పెట్టి తీసిన ఫోటో. ఆ దినం జనం ఎగబడి చూసిన్రట, గుర్తుగా వెంట్రుకలు కత్తిరించుకపోయిన్రట. పక్కన నిలబడ్డ చిన్న పిల్లలకు అది కథ. నాకు మాత్రం మన కరీంనగర్ జిల్లా పేపర్లు గుర్తుకొచ్చినయి. 1978 సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర అయినంక, నెల తిరిగేసరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. అటెనుక ఇరువై, ముప్పై ఏండ్లు మనం పొద్దుగాల చాయ తాగుకుంట చూసిన ఫోటోలు ఎట్లుంటుండె? శవం, పక్కన తుపాకి. తుపాకి మనకు ఎప్పుడూ ఎదుటోని చేతిలోదే. మా నాయన కాలంలో దొర గడిలో ఉండె, మన కాలంలో నక్సలైట్ అన్నల భుజాన ఉండె, పోలీసుల చేతిలో ఉండె. అర్ధరాత్రి తలుపు కొడితే ఆ ముగ్గురిలో ఎవరొచ్చిన్రో కనుక్కునుడే మన తెలివి. గాంధీచౌక్ కాడ కిరాణం సేటు గల్లా కింద తుపాకి దాచుకున్నడంటే మనం నవ్వుతుంటిమి.

ఇప్పుడు ఇక్కడి గల్లాల కింద నిజంగనే ఉంటయి. 2022 జులైలో కాలిఫోర్నియాలో నార్కో అనే ఊర్లో, తెల్లారుజామున తుపాకులతోని దుకాణంలో చొచ్చిన ముసుగు దొంగను 80 ఏండ్ల యజమాని కెమెరాలో ముందే చూసి, తుపాకితోని ఒకే ఒక్క దెబ్బ కొట్టిండు. దొంగ చెయ్యి పోయిందని అరుసుకుంట ఉరికిండు. కొద్దిసేపటికి ముసలాయనకు గుండెపోటు వచ్చింది. దవాఖానకు పోయి బతికి వచ్చిండు. టీవీలోళ్లు తుపాకి ముచ్చటే చెప్పిన్రు, గుండె ముచ్చట రెండో పేజీకి పోయింది.

ఇంకో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడు. ఓక్లహోమా సిటీలో 2009 మే నెలలో ఒక మందుల దుకాణంలో ఇద్దరు పోరగాండ్లు దోపిడీకి వచ్చిన్రు. ఫార్మసిస్టు ఒకన్ని తలలో కాల్చిండు, రెండోవాన్ని బయటిదాక తరిమిండు. అక్కడిదాక చట్టం ఆయన పక్కనే ఉన్నది. తిరిగొచ్చి, ఇంకో తుపాకి తీసుకొని, కింద పడి ఉన్న 16 ఏండ్ల పోరని మీద ఇంకో ఐదు గుండ్లు పేల్చిండు. 2011లో హత్యానేరం రుజువై యావజ్జీవం పడ్డది. హ్యూస్టన్‌లో 2023 జనవరిలో, రాత్రి ఒక హోటల్‌లో తింటున్నోళ్ల పర్సులు ఒకడు పిస్తోలు చూపించి గుంజుకుంటున్నడు. ఒక గిరాకి వెనుక నుంచి కాల్చిండు, తొమ్మిది సార్లు. ఆఖరి గుండు పడిపోయినంక దగ్గరికి పోయి కొట్టినదే. గుంజుకున్న పైసలు తీసి తలా ఇంత వాపసు ఇచ్చి వెళ్లిపోయిండు. తీరా చూస్తే దొంగ పిస్తోలు బొమ్మది. ఆ గిరాకి మీద కేసు పెట్టడానికి గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోలేదు. ఆఖరి గుండు రెండు చోట్లా పడ్డ మనిషికే తగిలింది. ఒకడు జైలుకు పోయిండు, ఒకడు ఇంటికి పోయిండు. పక్కపక్క రాష్ట్రాలే.

మన చట్టంలో ఇది లేదనుకునేవు. ఉన్నది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ ఆత్మరక్షణ గురించే, పాత ఐపీసీలో అవి 96 నుంచి 106. దోపిడీ చేసేటోన్ని, పొద్దుగూకినంక ఇల్లు పగలగొట్టి వచ్చేటోన్ని ఎదిరించేటప్పుడు అవసరమైతే వాని ప్రాణం పోయినా తప్పులేదని 41వ సెక్షన్ చెప్తది. అవసరానికి మించి చేస్తేనే నేరం. హక్కు రాతలో రెండు దేశాలకు మరీ అంత తేడా లేదు. చేతిలో ఏమున్నదన్న దాంట్లోనే ఉన్నది తేడా. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలంటే నీకు ప్రాణభయం ఉన్నదని రుజువు చేసుకోవాలె. వచ్చినా ఎన్నికలు రాంగనే తీసుకపోయి ఠాణాలో అప్పజెప్పాలె. అందుకే మనోళ్లు చేతికి దొరికిన దాంతోనే ఎదిరిస్తరు. 2024 మార్చిలో హైదరాబాద్ బేగంపేటలో కొరియర్ వేషం కట్టి ఇద్దరు ఇంట్లో చొరబడ్డరు, నాటు తుపాకి కూడా తెచ్చిన్రు. ఆ తల్లీకూతుళ్లు వట్టి చేతులతోని వాళ్లను కుమ్మి పంపిన్రు. ఇక్కడ ఆ వీడియో చూపిస్తే మావోని దోస్తులు నమ్మలేదు.

పోరని సంగతికి వస్త. వాడు చదువు వీసా మీద ఉన్నడు. వీసా మీద వచ్చినోళ్లు, అంటే ఎఫ్-1 గాని, హెచ్-1బి గాని, నా లెక్క చూడటానికి వచ్చినోళ్లు గాని, తుపాకి ముట్టుకుంటే ఈ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉన్నదట! జింకను కొట్టే కాయిదం ఉంటే పిస్తోలు పట్టుకోవచ్చన్న మాట. గ్రీన్‌కార్డు ఉన్న దుకాణం యజమాని పెట్టుకోవచ్చు, ఆయన గల్లాలో కూసొనే మన పోరడు పెట్టుకోవద్దు. వానికి కాలేజీ బయట రాత్రి పని చేసే అనుమతే ఉన్నదా అన్నది ఇంకో ప్రశ్న. నువ్వే అడుగు, నేనడిగితే మూతి ముడుస్తడు.

ఆ దుకాణం తలుపు మీద అంటించిన కాగితం మాత్రం నేను చదివిన: గల్లాలో కొద్ది డాలర్లే ఉంటయి, సేఫ్ తెరిచే తాళం పనోళ్ల దగ్గర ఉండదు. పెద్ద నోటు రాంగనే సందులో నుంచి సేఫ్‌లో పడేస్తరు, అది కొంత సమయం గడిస్తే గాని తెరుచుకోదు. కాఫీవిల్‌లో బాల్ చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడు ప్రతి గ్యాస్ స్టేషన్‌లో నిజం చేసి పెట్టిన్రు. పేరున్న కంపెనీల దుకాణాల్లోనైతే, ఎవడన్నా తుపాకి చూపిస్తే ఇచ్చెయ్యి, ఎదురు తిరగకు అని పనోళ్లకు ముందే నేర్పుతరు. పోరనికి నేను చెప్పింది కూడా అదే.

మ్యూజియంలో కూసున్న పెద్దమ్మ, "మీ ఊర్ల దిక్కు ఇట్ల ఊరంతా ఎదురు తిరిగిన కథ ఉన్నదా?" అని అడిగింది. సిద్దిపేట దిక్కు బైరాన్‌పల్లి చెప్పిన. రజాకార్లు ఊర్ల మీద పడి దోచుకుంటుంటే, ఆ ఊరోళ్లు బుర్జు మీద నగారా పెట్టుకొని, బర్మార్ తుపాకులు, వడిసెలలు పట్టుకొని ఒకసారి కాదు, పలుమార్లు తరిమిన సంగతి చెప్పిన. 1948 ఆగస్టు 27న రజాకార్లు సైన్యాన్ని, ఫిరంగిని వెంట తెచ్చుకొని వచ్చి వంద మంది దాకా ఎట్ల చంపిన్రో కూడా చెప్పిన. ఆమె కాగితం మీద ఊరి పేరు రాయించుకున్నది, స్పెల్లింగు రెండు సార్లు అడిగింది. ఫోటో ఉంటే పంపమన్నది, గోడకు పెడ్తరట. నా ఫోన్లో లేదు. ఈసారి నూలు లోడు కోసం సిద్దిపేట దిక్కు పోయినప్పుడు పొద్దుగాలనే పోయి బుర్జు ఫోటో తీయ్, స్తూపం కూడా పడేటట్టు తీయ్. వాట్సాప్‌లో పంపితే మసకబారుతది, మెయిల్ చేయమని చిన్నోనికి చెప్పు.

అక్కను అడిగినట్టు చెప్పు.

నీ బామ్మర్ది