మధ్య గీత

మా హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. మా బ్యాచ్ వాళ్లం ఫోన్లలో మాట్లాడుకుంటే, అందరికీ మొదట గుర్తొచ్చింది స్టడీ హాలు మూలనున్న బ్యాటరీ ఛార్జరే.

2012-13లో మేం పదో తరగతి. కోనసీమ అప్పటికింకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. రాష్ట్రమంతా కరెంటు కోతలు. సరిగ్గా స్టడీ అవర్ వేళకే కరెంటు పోయేది. మా అవస్థ చూసి పూర్వ విద్యార్థులు 12 వోల్టుల బ్యాటరీ, రెండు లైట్లు, ఒక ఎలక్ట్రానిక్ ఛార్జరు కొనిచ్చారు. ఛార్జింగ్ పెట్టే డ్యూటీ ఏడో తరగతి తమ్ముడొకడిది.

ఛార్జరు మీద మూడు ఎర్ర అంకెలు వెలిగేవి. బ్యాటరీ నిండాక 13.8 దగ్గర నిలబడాలి. జనవరిలో ఒకరోజు ఉదయం చూస్తే 13.0 ఉంది. మర్నాడూ అంతే. తమ్ముణ్ణి నిలదీశాం.

"ఆయ్, కరెంటు రాగానే ఏసానండి అన్నయ్యా" అన్నాడు.

మేం నమ్మలేదు. అబద్ధాలాడతావా అని గద్దించి, వాణ్ణి డ్యూటీ నుంచి తీసేశాం. వాడు ఆ పూట అన్నం సరిగా తినలేదు. పరీక్షల భయంలో మాకది పట్టలేదు.

ఆ రాత్రి మేమే పెట్టాం. తెల్లారి మళ్లీ 13.0! బ్యాటరీ నిండటం లేదనుకుని స్విచ్చి బూస్టుకు తిప్పాం. కాసేపటికి బ్యాటరీలో నీళ్లు బుసబుసమన్నాయి, ఘాటు వాసన వచ్చింది. అంకెలు చూస్తే 14 పక్కన ఏవో గీతలు. 4 లాగే ఉంది గానీ అడ్డగీత లేదు. వెంటనే ఆపేశాం.

మాలో ఒకడు ఏడు అగ్గిపుల్లలతో నేలమీద 8 పేర్చాడు. మధ్య పుల్ల తీసేశాడు. సున్నా అయింది. అందరం మొహాలు చూసుకున్నాం.

ఐటీఐ చదివే సీనియర్ అన్నయ్య మల్టీమీటర్ తెచ్చి బ్యాటరీ మీద పెడితే 13.8 వచ్చింది. ఛార్జరు నిక్షేపంలా ఉంది. మధ్యనున్న 3కి అడ్డగీత వెలుగుతోంది, చివరి అంకెకే లేదు. మూడింటి అడ్డగీతలకూ ఐసీ నుంచి వచ్చే దారి ఒకటే కాబట్టి లోపం ఐసీది కాదు, ఆ ఒక్క అంకెదేనని అన్నయ్య తేల్చాడు. షాపులో అడిగితే కొత్త ఛార్జరు కొనుక్కోమన్నారు. వార్డెన్ గారి దగ్గర అందుకు బడ్జెట్ లేదు.

ప్లగ్గు పీకి, బ్యాటరీ వైర్లు తీశాం. అయినా అన్నయ్య మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. 230 వోల్టుల కరెంటు డీసీగా మారి పెద్ద కెపాసిటర్లో దాదాపు 325 వోల్టులై కూర్చుంటుందట. అది పూర్తిగా దిగిందని మీటరుతో చూశాకే పని మొదలైంది. ముందు అతుకులు మళ్లీ కాచి చూశాం, ఫలితం లేదు. అప్పుడు సోల్డర్ పంపుతో పది కాళ్లూ విడదీశాం. మూడు పెన్సిల్ సెల్లులు, ఒక 330 ఓముల రెసిస్టర్ పెట్టి ఒక్కో గీతా వెలిగించి చూస్తే, మధ్య గీత వెలగలేదు.

పాతది జేబులో వేసుకుని అమలాపురం వెళ్లి అలాంటిదే తెచ్చాం. సెల్లులతో చూస్తే ప్లస్సూ మైనస్సూ తిరగబడ్డాయి! మాకు కావలసింది కామన్ ఆనోడ్, తెచ్చింది కామన్ కాథోడ్. మర్నాడు మళ్లీ బస్సెక్కాం. ఈసారి చుక్క కుడివైపు కిందకు వచ్చేలా పెట్టి, ఒక్కో కాలికీ రెండు మూడు సెకన్లకు మించి వేడి తగలకుండా అతికాం. ఖర్చు బస్సు ఛార్జీలకన్నా తక్కువే.

రాత్రి తమ్ముణ్ణి పిలిచి స్విచ్చి వాడిచేతే వేయించాం. తెల్లారి వాడే చదివాడు: "పదమూడు పాయింటు ఎనిమిది."

"తప్పు మాదిరా తమ్ముడూ" అన్నాం.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఇయాళ్టి నుంచి డ్యూటీ నాదేనాండి?" అన్నాడు.

ఆ వెలుగులోనే మేం పబ్లిక్ పరీక్షలు రాశాం. 2022లో కోనసీమ వేరే జిల్లా అయింది. మేం తలో దారీ పట్టాం. తమ్ముళ్లూ, ఏ పరికరమైనా పాడైతే భయపడకండి, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని విప్పి చూడండి. కానీ అంకెను చూసి మనిషిని తప్పుపట్టే ముందు, ఆ అంకె పూర్తిగా వెలుగుతోందో లేదో ఒక్కసారి చూసుకోండి.